లాగడానికి మాత్రమే కుదిరిన బేరం

రాయగడ నుంచి కొరాపుట్‌కు బెల్లం తీసుకెళ్తుంటే ఘాట్ రోడ్డులో మా పికప్ వ్యాన్ మొరాయించింది. నడుపుతున్నది అన్నయ్య, పక్కన నేను. ఎవరో ఇచ్చిన నంబరుకు ఫోన్ చేస్తే క్రేన్ వచ్చింది. దాని యజమాని మా మాట వినగానే, "పార్వతీపురం వైపోళ్ళా? మాదీ అటే. అయితే మావయ్యలే," అన్నాడు.

ఆ పిలుపుకే కరిగిపోయానని అనుకోకండి. అతను చెప్పిన రేటును సగానికి దింపేదాకా వదల్లేదు. మా ఇంట్లో పిల్లలకు అక్షరాలకన్నా ముందు బేరం వస్తుంది. అయితే మాలో ఇంకో పద్ధతి ఉంది. మనవాడితో బేరం తెగితే చేతిలో చెయ్యి వేస్తాం, కాగితం అడగం. అడిగితే అవమానించినట్టు. చెయ్యి వేశాను.

మెకానిక్ షెడ్డుకు చేర్చాల్సిన వ్యాన్‌ను అతను కొరాపుట్ శివారులో తన స్థలంలో దింపి, గేటుకు తాళం వేశాడు.

"ఏటిది? షెడ్డుకని సెప్పేను కదా?"

"లాగడానికే కదా మావయ్యా బేరమాడేరు. దింపడానికి వేరు, ఉంచినందుకు రోజుకింతని వేరు. కట్టేసి తీసుకెళ్ళండి."

సరుకు చవగ్గా ఇచ్చి, మూట కట్టినందుకు విడిగా పిండడం మా కొట్లో నేను చేసే పనే. ఈలోగా మబ్బు కమ్ముకొస్తోంది. బెల్లం మీద ఉన్నది చిరుగుల పట్టా.

రవాణా ఆఫీసుకు పరిగెత్తాం. ప్రైవేటు క్రేన్లకు తాము రేటేమీ నిర్ణయించలేదన్నారు. వినియోగదారుల ఫిర్యాదులు తీసుకునేచోట గుమస్తా ఒడియాలో నెమ్మదిగా చెప్పాడు: రసీదు లేకపోయినా రాయండి, బేరం విన్నవాళ్ళెవరైనా ఉంటే సంతకం పెట్టించండి.

కాగితం అన్నయ్య ముందు పెట్టాను.

"మనోడి మీద కేసేటిరా? రేపు బజార్లో మొకం ఎక్కడెట్టుకుంటాం? నానేటీ ఇన్లేదు," అన్నాడు.

"నా పక్కనే ఉన్నావు కదన్నయ్యా."

"ఉన్నాను. ఇన్లేదు."

క్రేన్‌వాడు మోసం చేస్తే నా తెలివిని నేనే తిట్టుకున్నాను. దీనికి ఎవరిని తిట్టాలో తెలియలేదు. ఫిర్యాదు మీద ఒక్కడినే సంతకం చేసి ఇచ్చాను. తొలి చినుకు పడకముందే క్రేన్‌వాడు అడిగినంతా కట్టేశాను. రూపాయి తగ్గించమని కూడా అడగలేదు.

వ్యాన్‌ను గేటు బయటికి తోసి మెకానిక్‌ను పిలిపిస్తే ఇంజను బాగుచేశాడు. అన్నయ్య స్టీరింగ్ ముందు కూర్చుని, "ఎక్కరా," అన్నాడు. నేను వెనక్కి వెళ్ళి, పట్టా కిందికి దూరి, బెల్లం దిమ్మల పక్కన కూర్చున్నాను.