బొప్పాయితో తేదీ జరపబోయి

ఏదో తేడాగా ఉందని మొదట అనిపించింది దిల్‌సుఖ్‌నగర్ కోచింగ్ సెంటర్‌లో. సార్ రైళ్ల లెక్క చెబుతున్నారు. రెండు రైళ్లు ఎదురెదురుగా వస్తున్నాయి. నా పొత్తికడుపులో అప్పటికే ఢీకొన్నాయి. లేచి బయటికి వెళ్లేలోపే ముందు బెంచీ అమ్మాయి బ్యాగులో వాంతి చేసుకున్నాను. నెలసరి నొప్పి నాకు కొత్త కాదు. కాకపోతే అంతవరకు అది నా ఒక్కదాని వ్యవహారం.

ఎల్‌బీ నగర్‌లో మా కిరాయి ఇంటికి వచ్చి పడుకుంటే అమ్మ వాము నీళ్లిచ్చి, "మాకు రాలేదా ఏంది? గిట్ల మూలిగితె రేపు పెండ్లయినంక ఎట్ల?" అంది. పైన ఉండే ఓనర్ ఆంటీది గుడివాడ. తెలంగాణ రావాలా వద్దా అని అమ్మకూ ఆవిడకూ మెట్ల మీద రోజూ చర్చే. ఇద్దరూ ఏకాభిప్రాయానికి వచ్చిన ఒకే ఒక అంశం బొప్పాయి.

బొప్పాయి గొడవ ఎందుకంటే, బ్యాంకు పరీక్ష సరిగ్గా నాకు నెలసరి వచ్చే రోజున పడింది. అది పోతే కోచింగ్ బంద్, సంబంధాలు చూస్తానని నాన్న ముందే చెప్పాడు. "బొప్పాయి తినమ్మాయ్, వేడి చేసి ముందే వచ్చేస్తుంది. మేం వ్రతాలకి చేసేది ఇదేగా," అంది ఆంటీ. పూజకో పెళ్లికో తేదీ జరుపుకోవాలని చూడటం మన ఇళ్లలో ఉన్నదే. నేను బ్యాంకు పరీక్షకు జరపబోయాను.

కొత్తపేట పండ్ల మార్కెట్ దగ్గరే. బంద్‌లకు లారీలు కదలక కాయలన్నీ అక్కడే మగ్గుతున్నాయి. అమ్మ సంచులతో మోసుకొచ్చింది. అన్నం మానేసి పూటపూటా బొప్పాయే. మరీ మగ్గిన బొప్పాయిది బకెట్లో మరిచిపోయిన తడిగుడ్డ వాసన. నెలసరి ముందుగా రాలేదు, విరేచనాలు వచ్చాయి. నెలసరి మాత్రం గవర్నమెంటు ఆఫీసరులా తన తేదీకే వచ్చింది. ఈలోపు బంద్ పిలుపుతో పరీక్ష వాయిదా పడింది. ఉద్యమమే కాపాడిందని అమ్మ సంబరపడింది. నేను బాత్రూంలో ఉన్నాను, సంబరానికి తీరిక లేదు.

అసలు సంగతి అక్కడే ఉంది. నెలసరి రోజుల్లో మోషన్‌కి కూర్చుంటే లోపల కత్తితో కోసినట్టుండేది. చాలాకాలంగా అంతే. ఎవరితో చెబుతాం? ఈసారి నింద బొప్పాయి మీదికి నెట్టేశాను. ఆ రోజు కళ్లు తిరిగి అక్కడే పడిపోయాను. నాన్న గడియ విరగ్గొట్టి లోపలికి వచ్చాడు. నేనప్పుడు ఏ స్థితిలో ఉన్నానో మేమిద్దరం ఇప్పటికీ మాట్లాడుకోం.

దవాఖానలో మొదటి డాక్టర్ పెళ్లయితే సర్దుకుంటుందని ఒక పెయిన్ కిల్లర్ రాశారు. పెళ్లి ఏ మెడికల్ షాపులో దొరుకుతుందో చెప్పలేదు. మాత్ర పనిచేయలేదు. రెండోసారి చూపించుకున్న గైనకాలజిస్ట్ అంతా విని, "మోషన్‌కి వెళ్లేటప్పుడు నొప్పి ఉంటుందా?" అని అడిగారు. అమ్మ మొహం తిప్పుకుంది. ఉంటుందన్నాను. ఆవిడ రాయడం ఆపి, "ఇది ముందే చెప్పాల్సింది కదమ్మా," అన్నారు.

స్కాన్‌లో ఎడమ ఓవరీలో, అంటే అండాశయంలో, చాక్లెట్ సిస్ట్ అనే తిత్తి కనిపించింది. జబ్బు పేరు ఎండోమెట్రియోసిస్, అంటే గర్భాశయం లోపలి పొర లాంటిది బయట, పేగుల దగ్గర కూడా పెరగడం. ఆ తిత్తిలో పాత రక్తం పేరుకుని చాక్లెట్ రంగుకు వస్తుందట. బొప్పాయి ఎలాగూ పోయింది, ఆ రోజుతో చాక్లెట్ కూడా పోయింది. బొప్పాయి తినబట్టే వచ్చిందా అని అమ్మ భయంగా అడిగితే డాక్టర్, "పండుతో రాలేదు, పండుతో పోదు. పండ్లు తిననివ్వండి, కానీ అన్నంతో పాటు," అన్నారు.

లాప్రోస్కోపీ చేసి, చిన్న రంధ్రాలతోనే సిస్ట్ తీసేశారు. తర్వాత హార్మోన్ మాత్రలు. మొదట ఇచ్చినవి పడక వికారం, మొహం నిండా మొటిమలు. మార్చి వేరేవి ఇచ్చారు. వాయిదా పడిన పరీక్ష రాశాను. పోయింది. ఆ తప్పు గర్భాశయానిది కాదు, నాదే. నాన్న సంబంధాల మాట ఎత్తలేదు. "జర కోలుకో బిడ్డా, మల్ల రాద్దువు," అన్నాడు.

ఇప్పుడు ఉద్యోగం చేస్తున్నాను. మాత్రలు నడుస్తున్నాయి. నెలసరి రోజుల్లో ఆకుకూర పప్పు, జామకాయ, అరటిపండు తింటాను, వేపుళ్లు మానేస్తాను. కడుపుబ్బరం తగ్గుతుంది, మలబద్ధకం ఉండదు. పండు చేసే మేలు అంతే, అదీ తక్కువేం కాదు.

నేను చెప్పగలిగింది ఒక్కటే. మీ నొప్పిలో నోటితో అనడానికి కూడా రోతగా ఉండే ముక్క ఒకటి ఉంటుంది. డాక్టర్ ముందు కూర్చోగానే మొదట అదే చెప్పండి.