ట్యాంకర్ కనకరాజు కోసం ముప్పై ఎనిమిది సంతకాలు

పదిమంది చూసేదాన్ని అచ్యుతరావుగారు చూడరు. ఎవరూ చూడనిదాన్ని మాత్రం పదిమందికీ చూపించేదాకా నిద్రపోరు. బీపీ, షుగరూ లేని ఆ మనిషికి ఉన్న జబ్బు ఇదొక్కటే.

నాచారంలో ఆయన ఫ్లాటు హరిణి వాళ్లకి ఎదురుగానే. పాల ప్యాకెట్ కోసం తలుపు తీసిందా, పిల్ల దొరికిపోయినట్టే.

"అమ్మాయీ, నెట్‌లో ఒక తోలుబొమ్మల సీరియల్ ఉంది. నూట పన్నెండు మందే చూశారు. ఎంత ఘోరం! మొదటి రెండు భాగాలూ కాస్త నీరసం. మూడోదాకా ఓపిక పట్టు."

"క్యాబ్ వచ్చేసింది అంకుల్!"

"క్యాబ్‌లోనే చూడు."

రైల్వేలో ముప్పై నాలుగేళ్లు చేసి రిటైరైన మనిషి, ఏ పనైనా పద్ధతిగా చేస్తారు. ఉప్పల్‌లో పన్ను పీకించుకోవడానికి వెళ్లి, నోటినిండా దూదితోనే డాక్టరుకి ఏదో బొమ్మల కథ సిఫారసు చేయబోయారట. డాక్టరు నొప్పేమోనని కంగారుపడి కాగితం ఇస్తే, దాని పేరూ, ఎన్నో భాగం నుంచి బాగుంటుందో కూడా రాసిచ్చారు. మల్కాజిగిరిలో పాత స్నేహితుడు పోయినప్పుడు ఆయన కొడుకుని దగ్గరికి తీసుకుని, "ధైర్యంగా ఉండు నాయనా" అన్నారు. పక్కనున్న భార్య ఛాయాదేవిగారు హమ్మయ్య అనుకునేలోపే, "మనసు బాగోనప్పుడు చూడాల్సింది ఒకటుంది" అని మొదలుపెట్టారు. ఆవిడ ఇల్లు చేరేదాకా మొగుడితో మాట్లాడితే ఒట్టు.

చెప్పి ఊరుకున్నా బాగుండును. ఆదివారం పొద్దున్నే పరీక్ష కూడా పెడతారు.

"ఏం బిక్షపతీ, చూశావా?" అని వాచ్‌మన్‌ని నిలేస్తారు.

"రెండు జూసిన సారు. మూడోది జూద్దామంటే ఫోన్ల చార్జింగ్ అయిపాయె."

"అసలు కథంతా మూడోదాంట్లోనే ఉందయ్యా!"

ఆయన చెప్పినదాన్ని ఎప్పుడైనా వేలమంది చూడ్డం మొదలుపెడితే, ఆ రోజు నుంచి దాని ఊసే ఎత్తరు. ఇదేం విడ్డూరమో ఎవరికీ అర్థంకాదు.

హరిణికి ఇంట్లో కూడా తెలియని సంగతి ఒకటుంది. రెండేళ్లుగా, మారుపేరుతో, ప్రతి ఆదివారం ఒక బొమ్మల కథ గీసి నెట్‌లో పెడుతోంది. పేరు 'ట్యాంకర్ కనకరాజు'. కనకరాజు ఎవర్నీ కొట్టడు, ప్రేమ పాటలు పాడడు. కాలనీలకి నీళ్లు తెస్తాడు, బిందెల దగ్గర తగాదాలు వింటాడు, వెళ్లిపోతాడు. చదివేవాళ్లు నలభై ముగ్గురు. రెండేళ్ల తర్వాత కూడా నలభై ముగ్గురే. మనకి చేతకాదు కాబోలు అని నిశ్చయించుకుని, "వచ్చే ఆదివారంతో సమాప్తం" అని కింద రాసేసింది. రాశాక రెండు రోజులు అన్నం సయించలేదు.

శనివారం మధ్యాహ్నం అచ్యుతరావుగారు ఫైలుతో వచ్చి కూర్చున్నారు. నవ్వు లేదు, పలకరింపు లేదు.

"అన్యాయం జరిగిపోతోందమ్మా. ఒక మంచి బొమ్మల కథ ఆపేస్తున్నారు. ట్యాంకర్ కనకరాజని..."

హరిణి చేతిలో ఫోను బోర్లా పెట్టేసింది.

"మా స్టేషన్‌లో రైలు ఆపడం మానేసినప్పుడు ఊరంతా వినతిపత్రం ఇచ్చి మళ్లీ ఆపించుకున్నారు. ఇదీ అంతే. వారం రోజులు బస్సుల్లో తిరిగాను, అన్నోజిగూడ దాకా. ముప్పై ఎనిమిది సంతకాలు."

"కామెంట్ పెడితే సరిపోయేది కదా అంకుల్?"

"కామెంటుకి విలువేముందమ్మా? చింపడానికైనా కాగితముండాలి."

హరిణి ఫైలు తిప్పింది. పన్ను పీకిన డాక్టరుగారి సంతకం ఉంది. బిక్షపతిదీ ఉంది. కూరగాయలమ్మే తారామణి వేలిముద్ర వేసి, పక్కన ఎవరిచేతో రాయించింది: "కనకరాజు లగ్గం జెయ్యకుండ గిట్ల ఆపుడేంది?"

హరిణికి నవ్వూ వచ్చింది, ఏడుపూ వచ్చింది.

"ఎందుకంకుల్ మీకింత తాపత్రయం?"

"ఎవరూ చూడకపోతే చేసేవాళ్లు ఏమనుకుంటారమ్మా? నాకు చేతకాదు అనుకుంటారు. చేతనైనవాళ్లు అలా అనుకుని మానేయకూడదు. పదిమంది పోగయ్యేదాకానే నా అవసరం. తర్వాత నేనెందుకు? సరే, నువ్వు కంప్యూటర్లలో ఉన్నదానివి. ఆ మనిషెవరో ఆచూకీ తీసి ఇది అందించు. రెండో కాపీ మీద 'అందినది' అని సంతకం తీసుకో. నా సర్వీసులో సంతకం లేకుండా కాగితం ఇచ్చి ఎరగను. నువ్వు చదివి ఉండవుగానీ, మూడో భాగం దాకా ఓపిక..."

"చదివాను అంకుల్."

జీవితంలో మొదటిసారి ఆయనకి ఈ జవాబు వచ్చింది. ఏం చెయ్యాలో తోచక కళ్లజోడు తుడుచుకున్నారు.

హరిణి రెండో కాపీ తీసుకుని, 'అందినది' అని రాసి, సంతకం చేసి, తేదీ వేసి ఇచ్చింది.

"తొందరపడ్డావమ్మా. అది పుచ్చుకున్నవాళ్లు పెట్టాలి."

"అవునంకుల్. నేనే పుచ్చుకున్నాను."

ఆయన కాగితం వంక చూశారు. హరిణి వంక చూశారు.

"మరి ఇంతసేపూ చెప్పవేం?"

"ఇంకాస్త పొగుడుతారేమోనని."

అచ్యుతరావుగారు గబుక్కున లేచి నిలబడ్డారు.

"మీరు కూర్చోండి" అన్నారు. అయిదేళ్లుగా అమ్మాయీ, నువ్వూ అన్న మనిషి!

"అయ్యో, టీ పెడతానంకుల్."

"వద్దండీ. ఆదివారం రేపే. మీరు పని చూసుకోండి."

కాపీ మడిచి జేబులో పెట్టుకుని, తలుపు చప్పుడవకుండా దగ్గరికి వేసి వెళ్లారు. హరిణి బల్ల దగ్గర కూర్చుని 'సమాప్తం' చెరిపేసింది. బయట వరండాలో బంతాట ఆడుతున్న పిల్లల్ని ఆయన గుసగుసగా కసురుకోవడం వినిపించింది.

"కిందికి పోయి ఆడుకోండర్రా. లోపల పని జరుగుతోంది."