తెలుగులో రాసిన కాగితం

ఆ కాగితాన్ని తెలుగులో రాయడానికి ఒకటే కారణం: అక్కడ ఎవరికీ అర్థం కాకూడదని.

కరోనా రెండో ఏడాది. నేను గల్ఫ్‌లో, సీబ్ అనే ఊళ్ళో ఒక ప్రైవేటు ఆసుపత్రి ఐసీయూలో నర్సుని. ఆ పని కోసమే ఈ దేశం వచ్చాను. ఎంత భయపడినా దాన్ని వదిలేయాలని ఒక్కరోజూ అనుకోలేదు. వార్డు నిండా మలయాళీ, ఫిలిప్పీన్స్ అమ్మాయిలే. తెలుగువాళ్ళం ఇద్దరం: నేను, నాకన్నా పదేళ్ళు పెద్దదైన ఒక సీనియర్ నర్సు. ఇద్దరిదీ కాకినాడ వైపే, ఉండేది ఒకే రూమ్‌లో. ఆమెను అక్కా అని పిలిచేదాన్ని, మర్యాదకి కాదు, నిజంగానే. డ్యూటీ నుంచి నేనొస్తే చారన్నం కలిపి పెట్టేది. మాస్కు ఒరుసుకుని ముక్కు కమిలిపోతే కొబ్బరినూనె రాసేది.

ఒకరోజు ఆసుపత్రివాళ్ళు మాకు తలో కాగితం ఇచ్చారు. మనసులో ఒత్తిడి ఎలా ఉందో పేరు లేకుండా, సొంత భాషలో రాసి పెట్టెలో వేయమన్నారు. మా మనసులు వాళ్ళకి హఠాత్తుగా ఎందుకు గుర్తొచ్చాయో అప్పుడే అనుమానం రావలసింది. అక్క తన కాగితం మీద ఇంగ్లీషులో రెండు ముక్కలు గీకేసింది. నేను పెన్ను పట్టుకుని కూర్చుంటే నవ్వింది.

"రాసెయ్యవే పిచ్చిదానా. మన తెలుగు ఇక్కడెవడికొచ్చు? కడుపులో పెట్టుకుంటే పుండైపోద్ది."

రాశాను. స్నానం చేస్తున్నా మానిటర్ అలారం వినిపిస్తోందని, ముద్ద కలుపుతుంటే ఏడుపొస్తోందని, ఇంటికి ఫోన్ చేయడం మానేశానని. ఇద్దరే తెలుగువాళ్ళున్నచోట తెలుగులో రాయడమంటే సంతకం పెట్టడమేనని నాకు తట్టలేదు. అంత తెలివే ఉంటే ఇంకేం!

ఒక్క సంగతి మాత్రం రాయలేదు. అది అక్కకి ఒక్కదానికే, వంటగదిలో చెప్పుకున్నాను. అల్ అమెరాత్‌లో సైట్ పని చేసే నిజామాబాద్ మనిషి ఒకాయన మా వార్డులో ఉండేవాడు. "సిస్టరమ్మా, నన్ను ఇంటికి పంపిస్తరు గద?" అని రోజూ అడిగేవాడు. పంపిస్తామని నేనూ రోజూ చెప్పేదాన్ని. ఆయన పోయిన రోజు మందుల గదిలోకి వెళ్ళి నేల మీద కూలబడ్డాను. పక్క బెడ్ అలారం మోగుతున్నా లేవలేకపోయాను. ఇంకో నర్సు పరుగెత్తింది కాబట్టి ఆ రోగికి ఏమీ కాలేదు. ఇదంతా విని అక్క నా తల నిమిరింది. "ఇక్కడితో మర్చిపో. నేనూ మర్చిపోతాను" అంది.

రెండు వారాలకు నర్సింగ్ ఆఫీసుకి పిలిచారు. బల్ల మీద నేను రాసిందంతా ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. చివర నేను రాయని వాక్యం ఒకటి: అలారం మోగుతుంటే ఈ నర్సు మందుల గదిలో కూర్చుంది. తర్జుమా ఎవరు చేశారో అడగక్కర్లేదు. తడిగుడ్డతో గొంతు కోయడమంటే ఇదే కాబోలు. నిజమేనా అని అడిగారు. అబద్ధం నోటికి రాలేదు. ఐసీయూకి పనికిరానని ఫైల్లో రాసి, బీపీలు చూసుకోమని ఎక్కడో దూరాన బురైమిలో ఉన్న తమ క్లినిక్‌కి మార్చేశారు.

రూమ్‌కి వచ్చేసరికి అక్క ఉతికిన యూనిఫారాలు మడతపెడుతోంది.

"ఎందుకు చెప్పావక్కా?"

"తర్జుమా చెయ్యమన్నారు, చేశాను. రేపు నీ చేతిలో ఎవరైనా పోతే ఆ పాపం నాకు చుట్టుకోదా?"

"నేను రాయనిది కూడానా?"

ఆమె ఇంకో యూనిఫారం అందుకుంది. తర్వాత నా మొహం చూడకుండా అంది:

"నేనూ కూర్చున్నానే ఆ గదిలో. రెండుసార్లు. ఎవరితోనైనా అన్నానా?"

అనలేదు. నాతో కూడా అనలేదు. నన్ను పట్టిచ్చినదానికన్నా అదే నాకు ఎక్కువ మండింది. మూడేళ్ళు నేను అక్కా అని పిలిచిన మనిషి ఒక్కరోజు కూడా నన్ను చెల్లెలనుకోలేదు.