నాయన పొదిగిన గుడ్లు

పొదుగుతున్న కోడిని అడవిపిల్లి ఎత్తుకుపోయింది. గుడ్లను మాత్రం మర్యాదగా వదిలేసింది. కోయిలకుంట్ల దగ్గర మా ఊళ్లో ఆ పొద్దున ఇంటిల్లిపాదీ వాటి చుట్టూ కూర్చుని, ఇక వీటికి వేడి ఎవరివ్వాలని ఆలోచనలో పడ్డాం.

మిషన్ బంగళా దొరసాని దగ్గర దీపంతో పొదిగే పెట్టె ఉండేది. అరువిస్తానంది కూడా. కానీ యుద్ధం రోజులు. మా దీపానికే కిరసనాయిలు లేదు, కోళ్లకు దీపారాధన ఎక్కడిది? పొరుగింటి పెద్దమ్మ తన కోడిని తెచ్చి గుడ్ల మీద కూర్చోబెట్టింది. అది మమ్మల్ని ఎగాదిగా చూసి లేచిపోయింది. వెచ్చటి ఊకలో పెడదామన్నాను. అన్నది నేను గనుక ఎవరూ వినలేదు.

అప్పుడు మంచంలోంచి నాయన, దగ్గు ఆపుకొని, "ఈడ పెట్టండి. నా ఒళ్లు ఎట్లాగూ కాలుతానే ఉండాది గదా" అన్నాడు.

క్షయతో ఆయన మంచం పట్టి చాలా కాలమైంది. అమ్మ కూలికి పోతుంటే పడుకుని చూడటం ఆయనకు దగ్గుకన్నా బాధ.

"సిగ్గు గాదా, కోడి పని చేస్తావా?" అంది అమ్మ.

"ఏదో ఒక పని. ఊరికే తింటాండా గదే."

అమ్మ గుడ్లను పాత పంచెలో చుట్టి ఆయన పక్కలో పెట్టింది.

ఇక నాయన దర్పం చూడాలి. పలకరించ వచ్చినవాళ్లను "మెల్లగా మాట్లాడప్పా, పనిలో ఉండా" అనేవాడు. గుడ్లు తానే తిప్పేవాడు. పాస్టరుగారు ప్రార్థనకు వస్తే, "ముందు వీటికి చెయ్యండి అయ్యగారూ" అన్నాడు. అయ్యగారు చేశారు. నేను రోజూ "ఏం నాయనా, కూత ఎప్పుడు మొదలుపెడతావు?" అనేవాణ్ని. గుడ్లు కదులుతాయని నవ్వు మింగేవాడు.

ఒక వేకువన ఆయన చల్లబడ్డాడు. చెయ్యి గుడ్ల మీదే ఉంది.

సమాధి దగ్గర కూడా అమ్మ వాటిని ఒడిలో కట్టుకునే నిలబడింది. ఇంటికొచ్చేసరికి దొరసాని పెట్టె పంపించి ఉంది, నూనెతో సహా. చావు జరిగిన ఇంటికి అన్నీ దొరుకుతాయి. నేను దీపం వెలిగించబోయాను.

"వద్దప్పా," అంది అమ్మ. "మీ నాయన పట్టిన పని. పెట్టెకియ్యను."

ఆయన మంచంలో, ఆయన దుప్పటి కప్పుకొని, గుడ్లను పక్కలో పెట్టుకుని పడుకుంది. రెండో పక్కన నేను పడుకున్నాను. ఎన్ని దుప్పట్లు కప్పుకున్నా ఇద్దరిలో ఒక్కరికీ జ్వరం రాలేదు. ఊళ్లో మా అంత ఆరోగ్యవంతులు లేరు.

ఒక్క గుడ్డూ పగిలి పిల్ల కాలేదు.