ఈశాన్యంలో రౌటరు

చిక్కడపల్లి మాణిక్ రావు గారు రోజూ స్నానం కాగానే ఈశాన్య మూల దేవుడి అలమరలో ఉన్న వైఫై రౌటరును పైపంచెతో తుడిచి, కుంకుమ బొట్టు పెడతారు. అయినా కూతురు ఉదయశ్రీ ఇంటి నుంచి ఆఫీసు వీడియో మీటింగులో మాట్లాడుతూ మాట్లాడుతూ తెర మీద బొమ్మలా ఆగిపోతుంది. గోడకు అవతల, సరిగ్గా అదే చోట పక్కింటి రౌటరు ఉందని, రెండు సిగ్నళ్లూ కొట్టుకుంటున్నాయని, ఏదో ఒకటి జరపమని మెకానిక్ చెప్పాడు. దేవుడి అలమరలోది కదిలిస్తారా! ఆయన నేరుగా పక్కింటికి వెళ్లారు.

“నవనీతా, జర మీ డబ్బా పక్కకు జరుపు బిడ్డా. మా ఉదయ నౌకరి పోయేటట్టున్నది.”

“ఎట్ల అంకుల్? గాలిల వచ్చేది వాయవ్యంలనే ఉండాలని మా గృహప్రవేశం నాడు చెప్పింది మీరే గద!”

మాణిక్ రావు గారు ఆ మూలను పరీక్షగా చూశారు.

“వాయవ్యమే. కరెక్టుగ పెట్టినవ్,” అని మెచ్చుకొని, ఇంటికొచ్చి తమ రౌటరుకు ఇంకో బొట్టు పెట్టారు.