తాగవచ్చని నేను చెప్పిన నీళ్లు

చాలా ఏళ్లుగా ఒక మాట నా గుండెలో బండరాయిలా ఉండిపోయింది. దాన్ని మోస్తూనే పెళ్లిళ్లకు వెళ్లాను, శాలువాలు కప్పించుకున్నాను, ఎన్నికల్లో గెలిచాను, ఓడాను. మీరెవరో నాకు తెలియదు. అందుకే మీతో చెప్పగలుగుతున్నాను. మధ్యలో ఆపను.

ఎనభైల మొదట్లో నేను విశాఖపట్నంలో కార్పొరేటర్‌ని. ఉక్కు ఫ్యాక్టరీ పనులకని ఊళ్లూళ్ల నుంచి జనం వచ్చి పడుతున్న రోజులు. సభలో సభ్యులు ఒకరి తర్వాత ఒకరు లేచేవారు. ఒకరికి వీధి దీపాలు, ఇంకొకరికి రేవు వైపు నుంచి వచ్చే ఎర్ర దుమ్ము, మరొకరికి పైకప్పు కారే బడి. పాలక పక్షమైన మా తరఫున జవాబు చెప్పే పని, నీటి పనులు చూసే పని నాది. తడుముకోకుండా చెబుతానని నాకు పేరు. ఆ పేరంటే నాకు ఎంత మోజో ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

కంచరపాలెం నుంచి గెలిచిన అప్పలనాయుడు వేరే పార్టీ. అయినా నన్ను బావా అనేవాడు. ఆ వేసవిలో ఒకరోజు లేచి, రైలు పట్టాల పక్క వీధుల్లో కొళాయి నీళ్లు వాసన వేస్తున్నాయని, జనం భయపడి కాచుకుని తాగుతున్నారని చెప్పాడు.

నేను లేచాను. "నీళ్లు పరీక్ష చేయించాం. నిరభ్యంతరంగా తాగవచ్చు" అన్నాను.

పరీక్ష ఏదీ జరగలేదు. జరిగింది వేరు. ముందురోజే ఇంజనీరు నన్ను అక్కడికి తీసుకెళ్లాడు. మురుగు కాలువ పక్కన పాత పైపు పగిలి ఉంది. దోసిట్లో పట్టిన నీళ్లను ముక్కు దగ్గరికి తెచ్చుకోలేకపోయాను. వెంటనే మార్చాలన్నాడు ఇంజనీరు. కొత్త పైపులున్నాయి. కానీ అవి సీతమ్మధారకు తెప్పించినవి. అక్కడివాళ్లు నా ఓటర్లు. ఆ వేసవిలోనే ఇంటింటికీ కొళాయి ఇప్పిస్తానని వాళ్లకు మాటిచ్చి ఉన్నాను. ముందు ఆ పని కానివ్వమన్నాను. కొన్నాళ్లు ఆగితే ఏమవుతుందిలే అనుకున్నానా? లేక అసలు ఏమీ అనుకోలేదా? అనుకోకపోవడమే నిజమేమో. ఆ వీధుల్లో నాకు తెలిసిన ముఖం ఒక్కటీ లేదు.

సభ ముగిశాక అప్పలనాయుడు వరండాలో నన్ను ఆపాడు.

"నిజంగానేనా బావా? మావోళ్లు కిరసనాయిలు కొనలేక సత్తన్నారు. నువ్వు తాగొచ్చంటే నాను ఎల్లి సెప్పేత్తాను."

అతని కళ్లలోకి చూశాను. అప్పుడైనా చెప్పి ఉండవచ్చు. చుట్టూ ఎవరూ లేరు.

"ఎల్లి సెప్పు బావా. నాది పూచీ" అన్నాను.

అతను ఇంటింటికీ వెళ్లి చెప్పాడు. జనం నీళ్లు కాచడం మానేశారు. వారం తిరగకుండా వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. ఆసుపత్రికి వెళ్లినవాళ్లలో చాలామంది తిరిగొచ్చారు. ఆ వీధిలో ఉండే పైడమ్మ మాత్రం రాలేదు. చంకలో పిల్ల ఉన్న మనిషి. ఆ తర్వాత సీతమ్మధార పైపులే కంచరపాలెం వెళ్లాయి. ముందే పంపడానికి నాకేం అడ్డొచ్చింది?

పైడమ్మ మొగుడు అప్పలనాయుడి చొక్కా పట్టుకున్నాడట. "నువ్వు తాగమంటేనే కదరా తాగాం" అన్నాడట. మరుసటి ఎన్నికల్లో ఆ వీధులవాళ్లే అతన్ని ఓడించారు. నన్ను మాత్రం అతను ఒక్క మాట అనలేదు. పైగా నలుగురిలో నన్ను వెనకేసుకొచ్చాడు. "బావకి తెలిస్తే అలా సెప్పడు. ఆడికెవడో తప్పు సెప్పుంటాడు" అన్నాడని విన్నాను. విని, ఊపిరి పీల్చుకున్నాను. నా తప్పుల్లో దేన్ని తలుచుకున్నా ఇంత అసహ్యం వేయదు. అబద్ధం ఒక్కరోజు ఆడాను. అతని నమ్మకం చాటున మాత్రం ఇన్నేళ్లు దాక్కున్నాను.

ఈమధ్య అప్పలనాయుడు పోయాడు. దండ పట్టుకుని వెళ్లాను. అరుగు మీద ఒక ముసలాయన పక్కవాడితో అంటున్నాడు: "మంచోడే. గానీ ఆ నీళ్లు తాగమన్నోడు ఈడే." చచ్చిపోయిన మనిషి మీద నా మాట ఇంకా పడి ఉంది. నేను దండ వేసి, నమస్కారం పెట్టి, కారెక్కి వచ్చేశాను.

ఇక చాలు. రేపు పొద్దున్నే కంచరపాలెం వెళతాను. పైడమ్మ కూతురు ఆ వీధిలోనే ఉందట. ముందు ఆమెకు, తర్వాత అరుగు మీద కూర్చునే వాళ్లందరికీ చెబుతాను. తిట్టనీ, కొట్టనీ. క్షమించమని అడగను, అడిగే ముఖం నాకు లేదు. అక్కడ మాట తడబడకూడదని ముందుగా మీకు చెబుతున్నాను.

నీళ్లు చెడిపోయాయని నాకు తెలుసు. అప్పలనాయుడికి తెలియదు.