అత్త కడియాల చప్పుడు

మా అత్త కాళ్లకు రెండేసి వెండి కడియాలు ఉండేవి. నడిస్తే ఒకదానికొకటి తగిలి టక్కు టక్కుమనేవి. నిజాం కాలంలో, మట్టెవాడలో ఆ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలో నాకు ఆ చప్పుడంటే హడల్. అది వినబడగానే నోట్లోని బెల్లం ముక్క గబుక్కున మింగేసి, రాట్నం ముందు బుద్ధిమంతురాలిలా కూర్చునేదాన్ని.

మాది నేత ఇల్లు. ఇల్లంతా గంజి వాసన, మగ్గాల మోత. ఇప్పుడెక్కడున్నాయి అవి! మామ, మా ఆయన మగ్గం గుంటల్లో దిగి నేస్తుంటే, అత్తా నేనూ రాట్నం మీద నూలు కండెలు చుట్టేవాళ్లం. ఒక ఎండాకాలం అత్తకు ఆయాసం మొదలైంది. నాలుగడుగులు వేస్తే ఎద బిగుసుకునేది. పడుకుంటే ఊపిరాడక గోడకు ఆనుకునే కునుకు తీసేది. దూది నుసి లోపలికి పోయిందని ఇంటిల్లిపాదీ తేల్చేసి ఆమెను రాట్నం ముట్టనివ్వలేదు. చేతిలో పని లాగేసుకుంటే మనిషి సగమైపోయింది. ఆయాసం మాత్రం తగ్గలేదు.

అప్పుడే కడియాల చప్పుడు ఆగిపోయింది. నిజం చెబుతున్నాను, నాకు హాయిగా అనిపించింది. ఛీ, ఏం మనిషిని! తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

ఒకరోజు ఆమె కాళ్ల మీద నీళ్లు పోస్తూ చూశాను. పాదాలు ఉబ్బి, కడియాలు కండలోకి దిగబడి ఉన్నాయి. ఇటు కదలవు, అటు కదలవు.

"ఎవలకన్న చెప్పినవంటే చూడు" అని అత్త చీర కిందికి లాగింది. "కడియాలు కోసేస్తరే. నా పెండ్లినాటియి."

ఎవరికీ చెప్పకుండా చెంబు తీసుకుని లోపలికి పోయాను.

వారం తిరక్కుండానే దమ్ము మరీ ఎక్కువైంది. టాంగా కట్టించి దవాఖానకు తీసుకెళ్లాం. డాక్టరమ్మ గొట్టం పెట్టి ఎద విని, ఇంకేమైనా బాధ ఉందా అని అడిగింది.

"దూది నుసమ్మా, గంతే" అంది అత్త, పాదాలు చీరలో దాచుకుంటూ. మామ కూడా తలూపాడు.

మామ ముందు నేను అప్పటిదాకా నోరు విప్పి ఎరగను. ఏం చెప్పాలన్నా తలుపు చాటు నుంచే. కానీ అత్త గాలి కోసం కొట్టుకుంటూ కూడా అబద్ధం ఆడుతుంటే నాకు ఒళ్లు మండిపోయింది.

"కాళ్లు సూడుండ్రి డాక్టరమ్మా! కడియాలు పట్టేసినయి. నెల సంది చప్పుడే లేదు!"

డాక్టరమ్మ చీర పైకి జరిపి, మోకాలి కింద బొటనవేలితో నొక్కింది. వేలు తీసినా గుంట అలాగే ఉండిపోయింది. వీపు మీద గొట్టం పెట్టి మళ్లీ విన్నది.

"దూది కాదవ్వా. గుండె అలిసిపోయింది. అందుకే ఒంట్లో నీరు నిలుస్తున్నది. మందు ఇస్తా. ఉప్పు, తొక్కులు, పచ్చళ్లు బంద్."

"కడియాలు?" అంది అత్త. గుండె గురించి కాదు, ముందు అదే అడిగింది.

"మందుకు వాపు తగ్గుతదేమో నాలుగు రోజులు చూద్దాం. నెత్తురు ఆడక పాదం చల్లబడితే మాత్రం కడియాలు కోయాల్సిందే."

తిరిగొచ్చేటప్పుడు టాంగాలో అత్త నావైపు చూడలేదు. "మీ మామ ముందట నా ఇజ్జత్ తీసినవ్ గదనే" అన్నది, అంతే. ఉప్పులేని కూర పెడితే కంచం నెట్టేసింది. నేనూ మొండిదాన్నే, మళ్లీ ముందుకు జరిపాను. రోజుకు పదిసార్లు ఏదో వంకతో ఆమె పాదాలు తాకి చూసేదాన్ని. చల్లబడ్డాయేమోనని భయం.

నాలుగో రోజు పొద్దున్నే పొయ్యిలో పుల్లలు పేరుస్తున్నాను. వెనకనుంచి టక్కుమంది. ఆగి, మళ్లీ టక్కు. పాత అలవాటుకొద్దీ గుటక వేశాను. నోట్లో బెల్లం లేదు. భోరున ఏడుపొచ్చింది.

"ఏందే, పొద్దుగాల్నే ఏడుస్తానవ్?"

"పొగ అత్తా."

"పొయ్యి ఇంక అంటియ్యనే లేదు గదనే" అని నెత్తిమీద ఒక మొట్టికాయ వేసి, నా పక్కనే కూర్చుంది.